ముప్పావు కిలో ముగ్గుపిండి

ఆ రోజుల్లో మేం పనికి వెళ్ళిన ఇళ్ళు నిద్రపోతున్న మనుషుల్లా ఊపిరి తీసుకునేవి. ఇది కవిత్వం కోసం చెప్పడం లేదు, నాకు కవిత్వం రాదు. న్యూజెర్సీలో పాత చెక్క ఇళ్ళకి కింద బేస్‌మెంట్‌లో ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ ఒకటి ఉండేది. దాని నెత్తి మీంచి రేకు గొట్టాలు ఇల్లంతా పాకేవి. ఒక్కో గొట్టం చివర, గది నేలలోనో గోడలోనో, ఒక ఇనుప జాలీ. చలికాలంలో ఫ్యాన్ మొదలైతే ఇల్లు ఒక్క నిట్టూర్పు విడిచేది. పది పన్నెండు నిమిషాలు వెచ్చటి గాలి వదిలి, రేకులు టిక్కు టిక్కుమని చల్లారుతుంటే మళ్ళీ నిద్రలోకి జారుకునేది. ఇళ్ళు పాతబడ్డాయి, గొట్టాల అతుకులు వదులయ్యాయి. వెచ్చటి గాలి గదుల దాకా రాకుండా దారిలోనే గోడల సందుల్లోకి పారిపోయేది. అది పారిపోయే చోటు పట్టుకుని మూసేయడం మా పని. "మా" అంటున్నాను గానీ, ఆ పనిలో నేనింకా పరీక్షలో ఉన్న మనిషిని. సరిగ్గా పదకొండు వారాల అనుభవం.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళ నాలుగు నెలలు. బియస్సీ లెక్కలు చదివి, పెళ్ళి చేసుకుని ఎడిసన్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి వచ్చిపడ్డాను. మా వారు పొద్దున్నే రైలెక్కి వెళ్ళిపోతే సాయంత్రం దాకా నాకు తోడు కిటికీ ఒక్కటే. ఆ మొదటి చలికాలం, కిటికీలోంచి కనిపించే ఎర్ర కార్లు రోజుకి ఎన్నో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసేదాన్ని. వారానికి సగటు కూడా తీసేదాన్ని. ఒకరోజు మా వారు ఆ నోట్‌బుక్ తిరగేశారు. దాన్ని మూసి, ఫోన్ తీసి, వాళ్ళ చిన్న బాబాయిని "మా ఆవిడకేమన్నా పని ఇస్తావా?" అని అడిగారు.

ఆ చిన్న బాబాయి నాకు మావయ్య వరస. నేను ఆయన ఎదుట "మావయ్యగారూ" అనీ, చాటున "టేపు మావయ్య" అనీ అనేదాన్ని. గుంటూరు దగ్గర్నుంచి ఇంజనీరుగా వచ్చి, ఆఫీసు పని విసుగెత్తి, ఫర్నేసులు బాగుచేసే చిన్న వ్యాపారం కొనుక్కున్నారు. ఆయనకి వెండి రంగు గుడ్డ టేపు మీద ఉన్న నమ్మకం మరి దేని మీదా లేదు. గొట్టంలో ఎక్కడ చిల్లు కనపడినా టేపు. ఆయన వ్యాన్ సీటుకి టేపు, కళ్ళజోడు కాడకి టేపు, అత్తయ్యగారి కుక్కర్ పిడికి టేపు. (సీటునీ కళ్ళజోడునీ కుక్కర్‌నీ అది ఏళ్ళ తరబడి పట్టుకుని ఉండేది. గొట్టాలని మాత్రం రెండు చలికాలాలు తిరక్కుండానే వదిలేసేది. ఈ సంగతి నేను పాత పని కాగితాలన్నీ తిరగేసి, తిరిగి పిలిచిన ఇళ్ళ జాబితా వేసి ఆయనకి చూపించాను. "బానే రాశావమ్మాయ్" అని దాన్ని గోడకి టేపుతో అంటించారు.)

మొదటి రోజే చెప్పేశారు. మూడు నెలలు చూస్తాననీ, పనికొస్తే ఉంచుకుంటాననీ, చుట్టరికం ఇంటి దగ్గరే వదిలి రావాలనీ. నా పని ఫోనెత్తడం, ఇంటి బొమ్మ గీసి జాలీలు లెక్కపెట్టడం, గొట్టాలు కొలవడం. మూడు నెలలు ఇంకో వారంలో పూర్తవుతాయి. ఆ వారం గడిస్తే నేను మళ్ళీ ఎర్ర కార్ల దగ్గరికి వెళ్తానా వెళ్ళనా అన్నది ఒక ఇంటి మీద ఆధారపడింది. అదే గడియారాల తాత ఇల్లు.

ఆ అమెరికన్ తాత రిటైరయ్యాక పాత గడియారాలు బాగుచేసేవాడు. భార్య పోయి నాలుగేళ్ళు. కింద హాల్లో గోడల నిండా అద్దాల పెట్టెల్లో ఇరవై ఏడు గడియారాలు ఉండేవి. పని చేసుకునే గది పైన, మెట్లెక్కగానే. ఇల్లంతా వెచ్చగా ఉన్నా ఆ ఒక్క గదీ చల్లగా ఉండేది. చలికి వేళ్ళు బిగుసుకుపోయి చిన్న మరలు పట్టుకోలేకపోతున్నానని ఆ తాత మావయ్యని మూడుసార్లు పిలిచాడు. మావయ్య మూడుసార్లూ వెళ్ళి, ఆ గది జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూశారు. గాలి వస్తూనే ఉంది, కాకపోతే చల్లగా. దారిలో చల్లారిపోతోందని తేల్చి, బేస్‌మెంట్‌లో గొట్టానికి మూడుసార్లూ టేపు చుట్టారు. నాలుగోసారి పిలుపు వచ్చిన రోజు వ్యాన్‌లో రేడియో కూడా పెట్టలేదు. టర్న్‌పైక్ హైవే దిగాక అన్నారు.

"అమ్మాయ్, ఆ పెద్దాయన చర్చి వాళ్ళందరికీ ఫోన్ చేసి మన గొప్ప చెప్తున్నాడంట. ఇవాళ కూడా ఆ రూమ్ వెచ్చబడకపోతే నీ జాబ్ సంగతి తర్వాత, నా జాబ్ ఏంటో నేను చూసుకోవాలి."

ఫిబ్రవరిలో రెండో మంగళవారం అది. మంచు కురిసి ఆగింది, ఎండ కాస్తోంది. అలవాటు కొద్దీ బూట్లు గుమ్మం దగ్గరే విప్పి మేజోళ్ళతో లోపలికి నడిచాను. (మావయ్య ఎన్నోసార్లు తిట్టారు, పనివాళ్ళు బూట్లు విప్పకూడదని. ఒకరి ఇంట్లోకి బూట్లతో నడవడం నాకు ఇప్పటికీ రాలేదు.) తాత నన్ను పైకి తీసుకెళ్ళి తన బల్ల చూపించాడు. ఒక చర్చి గోడ గడియారం లోపలి భాగాలన్నీ తెల్లగుడ్డ మీద వరసగా పరిచి ఉన్నాయి. ఎన్ని అని అడిగాను. నూట నలభై రెండు అన్నాడు. నేను లెక్కపెట్టాను, నూట నలభై రెండే. ఆ క్షణాన మా ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి గౌరవం ఏర్పడిందనుకుంటాను. నూనె రాసి ఆరబెట్టాననీ, వీటి మీద కాస్త దుమ్ము పడినా నెల రోజుల పని మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలనీ చెప్పాడు. బల్లకి సరిగ్గా పైన గోడలో ఆ గది జాలీ ఉంది. నా బొమ్మలో దాని నంబరు పద్నాలుగు.

కింద మావయ్య ఫర్నేస్‌లో దుమ్ము పట్టే ఫిల్టర్ బయటికి లాగారు. మురికిపట్టి ఉంది, కొత్తది తెస్తానని వ్యాన్ వేసుకుని వెళ్ళారు. వెళ్ళేముందు ఫ్యాన్ మాత్రం నడుస్తూ ఉండనిమ్మన్నారు. తాత హాల్లో వాలుకుర్చీలో కునుకు తీస్తున్నాడు. బేస్‌మెంట్‌లో నేనొక్కదాన్నే. పైనుంచి ఇరవై ఏడు గడియారాల చప్పుడు, ఎక్కడో దూరంగా చినుకులు పడుతున్నట్టు. చిన్న కిటికీలోంచి ఎండ ముక్క ఒకటి నేల మీద పడింది. అప్పుడు నా తెలివి నిద్రలేచింది.

గాలి ఎక్కడ కారుతోందో కళ్ళకి కనపడదు. దాన్ని కనపడేలా చెయ్యాలి. చిన్నప్పుడు వాకిట్లో ముగ్గు వేస్తుంటే, గాలి వీస్తే చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నుంచి జారే పిండి ధార పక్కకి వంగేది. గీత చెడిపోయేది, అమ్మ చేతిలో మొట్టికాయ పడేది. గొట్టం అతుకుల పక్కన పిండి ధార జారవిడిస్తే, ఎక్కడ వంగితే అక్కడ చిల్లు. ఈ ఆలోచన నాకు ఆదివారమే వచ్చింది. అందుకే సంచిలో ముగ్గుపిండి డబ్బా తెచ్చుకున్నాను. ఊరినుంచి కిలో పిండి సూట్‌కేసులో పెట్టుకొచ్చాను. (ఇదేమిటని ఎయిర్‌పోర్ట్‌లో అడిగితే ఏం చెప్పాలో మా వారు విమానంలో నాకు పదకొండుసార్లు నేర్పారు. ఎవరూ అడగలేదు.) అప్పటికి ముప్పావు కిలో మిగిలింది. మావయ్యకి ముందే చెప్పలేదు. చెప్తే వద్దంటారని తెలుసు.

మొదటి అరగంట ఎంత బావుందో చెప్పలేను. స్టూలెక్కి, ఒక్కో అతుకు పక్కన సన్నటి తెల్ల ధార వదిలాను. కొన్నిచోట్ల నిటారుగా పడింది. కొన్నిచోట్ల నడుం వంచి నాట్యం చేసింది. వంగిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టి, మావయ్య టేపు ఒలిచేసి, బ్రష్‌తో బూడిదరంగు మాస్టిక్ పూశాను. అది పెరుగంత చిక్కగా ఉండే జిగురు, ఆరితే రాయి. తొమ్మిది చిల్లులు పట్టాను. ఎండ ముక్కలో పిండి రేణువులు తేలుతూ మెరుస్తుంటే, అమెరికాలో ఒక బేస్‌మెంట్ సీలింగ్‌కి ముగ్గు వేస్తున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటానని కాస్త గర్వపడ్డాను కూడా. పదో చిల్లు దగ్గర ఆ గర్వం దిగింది.

ఫర్నేస్ పక్కన ట్రంకుపెట్టెంత పెద్ద రేకు గొట్టం ఉంది. దాని అతుకు జానెడు పొడవున నోరు తెరిచింది. ఇంత పెద్ద చిల్లు! సన్న ధార చాలదని డబ్బానే దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంత చిల్లులోంచి గాలి నా ముఖం మీదికే కొడుతుంది కదా, అందుకని తెలివిగా తల పక్కకి తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, డబ్బా వంచాను. పిండి ముఖం మీద పడలేదు. ఒంటి మీదా పడలేదు. బయట ఎక్కడా పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే డబ్బా ఖాళీ.

పదకొండు వారాల్లో నాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది, నేనూ అడగని సంగతి. గొట్టాలన్నీ గాలిని బయటికి ఊదవు. గదుల్లోని గాలిని వెనక్కి పీల్చుకుని ఫర్నేస్‌కి అందించే గొట్టం కూడా ఒకటుంటుంది. నేను నిలబడింది దాని నోటి ముందు. పిండిని ఆపడానికి ఉన్న ఒకే ఒక్క ఫిల్టర్, మావయ్య పుణ్యమా అని, గోడకి ఆనించి ఉంది.

మెట్లెక్కి హాల్లోకి వెళ్ళేసరికి మంచు కురుస్తోంది. నిజంగా అలాగే అనిపించింది. నేల జాలీల్లోంచి తెల్లటి పొగలు నెమ్మదిగా లేచి, కిటికీ ఎండలో బంగారు రంగు తిరిగి, ఏ తొందరా లేకుండా కిందికి దిగుతున్నాయి. అద్దాల పెట్టెల మీద, తివాచీ మీద, తాత కనుబొమల మీద, ఒళ్ళో ఉన్న పేపర్ మీద. గడియారాలు అన్నీ కొట్టుకుంటూనే ఉన్నాయి. టైమ్ రెండూ పది. ఆ దృశ్యం అందంగా ఉందని ఒక్క క్షణం అనుకున్నాను, నా ఉద్యోగం పోయిందని ఆ తర్వాతి క్షణం తెలిసింది. తాత కళ్ళు తెరిచాడు. చెయ్యి చాచి, అరచేతిలో పడిన పొడి చూసుకుని, తను పోయాడా అని మెల్లగా అడిగాడు. లేదన్నాను. కాస్త ఆలోచించి, పోతే ఇన్ని గడియారాలుండవులే అన్నాడు. మరుక్షణం ఇద్దరి కళ్ళూ ఒకేసారి పైకి, మెట్ల వైపు తిరిగాయి.

పద్నాలుగు మెట్లు. నేను ముందు, ఆయన వెనక. తలుపు తోసేముందు నేను మనసులో చెప్పుకున్న క్షమాపణ ఇంగ్లీషులో ఒక్క తప్పు లేకుండా ఉంది, ఇప్పటికీ గుర్తుంది. తలుపు తెరిచాను. తెల్లగుడ్డ మీద నూట నలభై రెండు ఇత్తడి ముక్కలూ మెరుస్తున్నాయి. ఒక్క రేణువు లేదు. ఆయన భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ చూశాడు. తలెత్తి నా వైపు చూసిన చూపులో, కోపం రావాలా వద్దా అన్న ప్రశ్న ఉంది. నేను కుర్చీ ఎక్కి పద్నాలుగో జాలీలో వేలు పెట్టి తుడిచాను. వేలు శుభ్రంగా ఉంది.

నేను భయం వేస్తే లెక్కపెడతాను. కిందికి దిగి, మేజోళ్ళతో ఆ పొడిలో నడుస్తూ, ఒక్కో జాలీనీ వేలితో తుడిచి నోట్‌బుక్‌లో రాశాను. ఒకటి, తెల్లగా. రెండు, తెల్లగా. పదమూడు దాకా అన్నీ తెల్లగానే. సరిగ్గా అప్పుడు గుమ్మంలో మావయ్య ఫిల్టర్‌తో నిలబడి ఉన్నారు.

"ఏమ్మాయ్, ఇదేందమ్మా ఇది? ఫర్నేస్ చూడమంటే పండక్కి వాకిలి చేశావేంది?"

"మావయ్యగారూ, పదమూడు జాలీల్లోంచి వచ్చింది. పద్నాలుగులోంచి రాలేదు."

"ఏంది రాలేదు?"

"పిండి. ఫర్నేస్‌లోకి పోయిన పిండి అన్ని గదులకీ వెళ్ళి ఆ ఒక్క గదికీ వెళ్ళలేదంటే, ఆ గదికి అసలు ఫర్నేస్ గాలి వెళ్ళట్లేదు. మీ చేతికి తగిలింది గోడ సందులోంచి వచ్చే చలిగాలి. లోపలెక్కడో గొట్టం ఊడిపోయింది."

మావయ్య ఫిల్టర్ గోడకి ఆనించారు. చిత్రమేమిటంటే, ముందు కదిలింది తాత. నేను అంత తెలుగులో ఏం చెప్పానో ఆయనకి అర్థం కాలేదు గానీ, నా నోట్‌బుక్‌లో పదమూడు టిక్కులూ ఒక సున్నా చూశాడు. గడియారం ఆగితే ఏ చక్రం పన్ను ఊడిందో వెతికే మనిషికి ఇంక మాటలక్కర్లేదు. మమ్మల్ని నేరుగా మెట్ల కింద ఉన్న తువ్వాళ్ళ అల్మారా దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇల్లు మొత్తంలో అన్నిటికన్నా వెచ్చగా ఉండేది ఇదేనన్నాడు. పెళ్ళైన కొత్తలో ఇల్లు కొన్నప్పట్నుంచీ అంతేనట.

అల్మారా వెనక పలక విప్పాం. గోడ లోపల గొట్టం అతుకు ఊడి, పై ముక్క పైన, కింది ముక్క కింద. కింది ముక్కలోంచి వేడిగాలి నేరుగా అల్మారాలోకి కొడుతోంది. ఆ సందులో ముగ్గుపిండి తెల్లటి కుప్ప. గొట్టాన్ని మావయ్యే పైకెత్తి కలిపారు, చిన్న మరలు బిగించారు. ఆయన చెయ్యి టేపు కోసం జేబులోకి వెళ్ళింది. నేను మాస్టిక్ డబ్బా అందించాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి టేపు జేబులో పెట్టేసుకున్నారు. ఆ సందులో ఆయన మోచెయ్యి పట్టదు, నాది పడుతుంది. గాజులు తీసి తాతకిచ్చి, నేను చెయ్యి దూర్చి పూయడం మొదలుపెట్టాను.

ఆయన గాజులు అరచేతిలో పెట్టుకుని అల్మారా పక్కనే నిలబడ్డాడు. మాటల మధ్యలో చెప్పాడు. తన భార్య చలికాలమంతా తువ్వాళ్ళు ఈ అల్మారాలోనే పెట్టేదట. స్నానం చేసి బయటికి రాగానే వెచ్చటి తువ్వాలు అందించేదట. ఇది తన ఇంటి గొప్పదనమని చుట్టాలందరికీ చెప్పుకునేదట. ఇన్నేళ్ళూ తనూ అలాగే పెడుతున్నాడట. అప్పుడు మావయ్యని అడిగాడు, ఇక ఇది చల్లగా అయిపోతుందా అని. మావయ్య ఉత్సాహంగా, నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ అన్నారు. తాత తలూపాడు. పై గది వెచ్చగా కావాలని నాలుగుసార్లు పిలిపించుకున్నది ఆయనే కదా. ఏమంటాడు?

అతుకు చుట్టూ పూసుకుంటూ వచ్చి, చివర్న అల్మారా వైపు కొంచెం మిగిలింది. బ్రష్ అక్కడ ఆగింది. ఆ తర్వాత నేను పలక బిగించమన్నాను.

నలభై మూడు నిమిషాల్లో పై గది యాభై నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి అరవై ఎనిమిదికి వచ్చింది. రెండు థర్మామీటర్లతో చూశాను. తాత చొక్కా చేతులు పైకి మడిచి, ఒక మర చిటికెనవేలి కొన మీద నిలబెట్టి చూపించాడు. హాలు ఊడవడానికి నేనూ మావయ్యా సాయంత్రం దాకా ఉన్నాం, మర్నాడు కూడా వెళ్ళాం.  మొదటి రోజు తిరిగొస్తూ మావయ్య ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంట్ ముందు వ్యాన్ ఆపి, అద్దంలో తన జుట్టులోని తెలుపు దులుపుకుంటూ అన్నారు.

"సోమవారం ఎనిమిదింటికి వచ్చెయ్, పర్మనెంట్. ఆ డబ్బా మాత్రం ఇంట్లో పెట్టి రా."

ఆయన దగ్గర పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. ఆ తాత బతికినంతకాలం ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపేవాడు. తెరిస్తే చిటికెడు తెల్లపొడి రాలేది, ఆ ఏడాది ఏ గడియారం వెనకో దొరికింది. మొదటి కార్డులో రెండే వాక్యాలు. పై గది వెచ్చగా ఉంది. తువ్వాళ్ళు కూడా వెచ్చగానే ఉంటున్నాయి, ఎందుకో నాకు తెలియదు.

మొన్న మా ఇంటి గొట్టాల చిల్లులు మూయించాను. మా ఇల్లూ పాతబడింది, నాలాగే. పక్కింటి వాళ్ళమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇప్పుడు ఆ పనే చేస్తోంది. ఈ కాలంలో జాలీలన్నీ మూసి, గొట్టంలోకి జిగురు మంచులా ఊదుతారు. అదే వెళ్ళి చిల్లులు వెతుక్కుని పట్టుకుంటుంది. గాలి కారడం తగ్గేకొద్దీ లాప్‌టాప్‌లో గీత దిగుతూ ఉంటుంది. ఆ మంచు లోపల తేలుతోందని తలచుకుంటూ కూర్చుంటే నాకు కళ్ళు మూతలుపడ్డాయి. లేచేసరికి ఆ పిల్ల నా పాత నోట్‌బుక్ చూస్తోంది. అంకెలు చదవగలదు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంది.

"ఆంటీ, మీరు ఎవ్రీథింగ్ మెజర్ చేశారు. ఇక్కడ ఒక డాట్ ఉంది, సైజ్ లేదు. ఇది ఏంటి?"

కళ్ళజోడు పెట్టుకుని చూశాను, గడియారాల తాత ఇంటి పేజీ. అతుకు చుట్టుకొలత, పూసిన పొడవు, డిగ్రీలు, నిమిషాలు అన్నీ ఉన్నాయి. పూర్తిగా మూశాం అని రాసి ఉంది. దాని పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క. ఆ రోజు బ్రష్ ఆగిన చోట మిగిలిన సందు, బొటనవేలంత ఉండేది, కొలవలేదు. ముగ్గు చుక్కమ్మా అన్నాను. ఆ పిల్ల తలూపి లాప్‌టాప్ వైపు తిరిగింది. జుట్టు నిండా పిండితో, గాజులు లేని చేత్తో, మావయ్య చూడకుండా చుక్క పెట్టుకుంటున్న ఆ ఇరవై ఆరేళ్ళ పిల్లని చూస్తూ నేను కాసేపు అలాగే కూర్చున్నాను. జీవితం మొత్తంలో నేను రాసిన తప్పుడు రిపోర్టు అదొక్కటే. దిద్దలేదు, దిద్దను కూడా.